పదిహేడు ఫ్లాస్కులు, ఐదు నెలలు

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ‘రెస్పాన్స్ సర్ఫేస్’ (రెండు మూడు విషయాల్ని ఒకేసారి మార్చి, ఫలితం ఎక్కడ బాగుందో మ్యాపులా గీసి చూసే పద్ధతి) అనే మాట విని, కంగారుపడి నాకు ఫోన్ చేసిన జూనియర్లు ఇప్పటికి ఆరుగురు. ఆరుగురికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు. అందుకే జరిగింది జరిగినట్టు ఒకేసారి రాసి పెడుతున్నాను. పుస్తకాల్లో ఉండే సమీకరణాలు మీకు ఎలాగూ దొరుకుతాయి. దొరకనివి ఏ రోజు ఏం పాడైంది, ఎంత ఖర్చయింది, ఎక్కడ ఏడుపొచ్చింది అనేవే.

మాది టంగుటూరు పక్కన పల్లెటూరు. నాన్న పొగాకు వేస్తారు. నేను ఒంగోలులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. 2024 డిసెంబర్ 2, సోమవారం, మా గైడ్ మేడమ్ అందరినీ కూర్చోబెట్టి టాపిక్కులు పంచారు. నీళ్లలోంచి క్రోమియం తీయడం నాకు పడింది. అప్పటికే సీనియర్లు వేపాకు, అరటి తొక్క, వరి ఊక, కొబ్బరి పీచు అన్నీ అయిపోగొట్టారు. “మీ ఊళ్లో ఊరికే పడి ఉండేది ఏముందమ్మా?” అని మేడమ్ అడిగితే పొగాకు మోళ్లు అన్నాను. రెలుపులన్నీ, అంటే ఆకు కోతలన్నీ, అయ్యాక చేలో మిగిలే కాడలు అవి. పీకి గట్టున కుప్పేస్తారు, కొన్ని పొయ్యిలోకి పోతాయి, మిగతావి అక్కడే తగలబెడతారు. మేడమ్‌కి నచ్చింది. “కానీ పీహెచ్ మార్చి ఒకటి, డోసు మార్చి ఒకటి, అలా ఒక్కొక్కటి మార్చుకుంటూ పోవద్దు. ఈసారి డిజైన్ వేసి చెయ్యి” అన్నారు. అర్థం కాకుండానే తలూపాను.

అర్థం కావడానికి రెండు వారాలు పట్టింది. స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ సార్ దగ్గరికి సాయంత్రాలు వెళ్లేదాన్ని. ఆయన ముందు సి.ఆర్. రావు గారి గురించి అరగంట చెప్పారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎమ్మే చేసిన మన తెలుగాయన 1940ల్లోనే ఆర్తోగొనల్ అర్రేలు అనే ప్రయోగాల పట్టికలు ఇచ్చాడనీ, ప్రయోగాలు తక్కువ చేసి ఎక్కువ తెలుసుకునే విద్యలో మనవాళ్ల వాటా చిన్నది కాదనీ. తర్వాత అసలు విషయానికొచ్చి, 1960లో బాక్స్, బెన్కెన్ అనే ఇద్దరు ఇచ్చిన ప్లాను నాకు సరిపోతుందన్నారు. మార్చేవి మూడు: పీహెచ్ (నీళ్ల పులుపు, అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ) 2, 4, 6, మోళ్ల పొడి (తర్వాత అది కార్బన్ అయింది) లీటరుకి 1, 3, 5 గ్రాములు, క్రోమియం లీటరుకి 20, 60, 100 మిల్లీగ్రాములు. అన్ని రకాలుగా కలిపి చేస్తే 27 ప్రయోగాలు. ఈ ప్లానులో 12 చాలు, వాటికి తోడు మధ్య పాయింటు, అంటే పీహెచ్ 4, 3 గ్రాములు, 60 మిల్లీగ్రాములు ఉన్న ఫ్లాస్కు, 5 సార్లు. మొత్తం 17.

ఒకే ఫ్లాస్కు ఐదుసార్లెందుకు? దండగ కాదా? ఒక సీనియర్ అయితే “రెండు చేసి, మిగతా మూడూ అటూ ఇటూగా రాసెయ్” అని సలహా కూడా ఇచ్చాడు. అది విననందుకే బతికిపోయాను. ఎందుకో తర్వాత చెప్తాను.

అసలు ఒక్కొక్కటి విడిగా మారిస్తే తప్పేమిటో నాకు తలకెక్కించింది మాత్రం సార్ కాదు, నాన్న. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర కూర్చుని ఊరికే అడిగాను, వేడి ఒక్కటి సరిగ్గా పెడితే చాలదా అని. “ఎట్ట చాలుద్ది? మొదట్లో 95, 100 డిగ్రీల మధ్య పెట్టి పసుపు తేలనియ్యాల. తేమ చూసుకోకుండా వేడి పెంచావనుకో, ఆకు పచ్చగానే ఎండిపోద్ది. వేడి ఎంత పెట్టాలనేది తేమ ఎంత ఉందో దాన్నిబట్టే గదా” అన్నారు. (బ్యారన్లో అందరూ ఫారన్‌హీట్‌లోనే మాట్లాడతారు, కంగారు పడకండి.) సార్ బోర్డు మీద ఇంటరాక్షన్ అని రాసి రెండు గీతలు గీసింది దీని కోసమేనా అనిపించింది. ఒకదాని ప్రభావం ఎంతనేది రెండోది ఎక్కడుందో చూస్తే గానీ తెలియదు.

భోగి మంటలోకి పోకుండా నిరుటి మోళ్లు ఓ గోతాం నింపి ఒంగోలు తెచ్చాను. బస్సులో కండక్టర్ లగేజీ టికెట్టు కొట్టాడు.

ఇక్కడి నుంచి ఫిబ్రవరి మొదటి వారం వరకు మోళ్లతోనే సరిపోయింది. కడిగితే గోధుమ రంగు నీళ్లు, మళ్లీ కడిగితే మళ్లీ గోధుమ రంగు. ఆరో నీళ్లకి కూడా టీ డికాక్షన్‌లా దిగుతూనే ఉంది. నేను కొలవబోయేదే రంగు కాబట్టి, ఇలా దిగే రంగు నా కొలతని నాశనం చేస్తుంది. అందుకే పచ్చి పొడి వాడటం మానేసి కార్బన్ చేద్దామన్నారు మేడమ్. ఎండిన ముక్కల్ని హాస్టల్లో మూలన పడేసిన పాత మిక్సీలో వేశాను. పొగాకు దుమ్ముతో ఆ ఫ్లోర్ మొత్తం ఒక పూట తుమ్ములే తుమ్ములు. ముక్కుకి గుడ్డ కట్టుకుని మేడ మీద చెయ్యండి, గదిలో వద్దు.

పొడిని సమాన బరువు ఫాస్ఫోరిక్ యాసిడ్‌లో ఒక రాత్రి నానబెట్టి, ఆరబెట్టి, మూత పెట్టిన క్రూసిబుల్‌లో మఫుల్ ఫర్నేస్‌లో 450 డిగ్రీల దగ్గర గంట ఉంచాలి. వినడానికి ఒక్కరోజు పని. కరెంటు పోయి ఒక బ్యాచ్ సగంలో ఆగింది, అది పారేశాను. మిగిలిన దాంట్లోంచి యాసిడ్ పోయేదాకా కడగడానికి నాలుగు రోజులు, 35 లీటర్ల డిస్టిల్డ్ వాటర్ పట్టింది. మా ల్యాబ్‌లో డిస్టిలేషన్ యూనిట్ గంటకి రెండు లీటర్లు కూడా ఇవ్వదు, దానికోసం మేం తొమ్మిది మందిమి క్యూ. బ్యాటరీ షాపులో దొరికే క్యాన్లు కొందామని వెళ్లి, ముందు ఒక లీటరు తెచ్చి కండక్టివిటీ చూస్తే మా కొళాయి నీళ్లకి బంధువులా ఉంది. మానేశాను. తెల్లవారుజామున ఐదింటికి ల్యాబ్ అటెండర్ అన్నయ్యని బతిమాలి యూనిట్ ఆన్ చేయించుకున్న రోజులున్నాయి. చివరికి చేతికొచ్చిన కార్బన్ 64 గ్రాములు. అంత కష్టపడ్డాక దాన్ని చిటికెడు కింద పోసినా ప్రాణం ఉసూరుమనేది.

క్రోమియం నీళ్లంటే పొటాషియం డైక్రోమేట్ 2.829 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించడం. అప్పుడు లీటరుకి 1000 మిల్లీగ్రాముల హెక్సావాలెంట్ క్రోమియం, అంటే క్రోమియంలో బాగా విషమైన రూపం, వస్తుంది. నారింజ రంగులో చూడ్డానికి పండ్ల రసంలా ఉంటుంది, కానీ క్యాన్సర్ తెచ్చేది. నోటితో పిపెట్ లాగే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ ప్రాజెక్టు తీసుకోవద్దు, నిజంగా చెప్తున్నాను.

కొలవడానికి డైఫినైల్ కార్బజైడ్. హెక్సావాలెంట్ క్రోమియం ఉంటే నేరేడు పండు కొరికిన నాలుక రంగు వస్తుంది, ఆ రంగుని 540 నానోమీటర్ల దగ్గర చదవాలి. ఖరీదైన మెషీన్లేవీ అక్కర్లేదు, మా కాలేజీలో ఉన్న స్పెక్ట్రోఫోటోమీటర్ చాలు. లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపలే సరిగ్గా చదువుతుంది కాబట్టి ప్రతి శాంపిల్‌నీ పలచన చేయాలి. 50 రెట్లు చేయాల్సిన చోట 25 రెట్లు చేసి, తొలగింపు మైనస్‌లో వచ్చి, తల పట్టుకున్న మధ్యాహ్నం ఒకటుంది.

ఫిబ్రవరి 17, సోమవారం, అసలు పని మొదలుపెట్టాను. సాఫ్ట్‌వేర్ 17 ప్రయోగాల్ని కలగాపులగంగా కలిపి వరుస ఇచ్చింది. మొదటిది పీహెచ్ 6, రెండోది 2, మూడోది 4, మళ్లీ 2. ఇదేం వరస అనుకున్నాను. మా షేకర్‌లో ఆరు ఫ్లాస్కులే పడతాయి, పీహెచ్ మీటరు ఒక్కటే, దాన్ని ప్రతిసారీ అటూ ఇటూ మార్చడం చిరాకు. పీహెచ్ 2 ఉన్న నాలుగూ ఒక రోజు, 4 ఉన్న తొమ్మిదీ ఆ తర్వాత, 6 ఉన్న నాలుగూ ఆఖర్న అని చక్కగా సర్దుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. మంగళవారం మధ్య పాయింట్లు రెండు చేశాను. బుధవారం షేకర్ ఫ్యూజు పోయింది. బాగయ్యేసరికి శనివారం, అప్పుడు మిగతా మూడు మధ్య పాయింట్లు. 24న పీహెచ్ 6 పూర్తి.

శివరాత్రి జాగారం నేను లాప్‌టాప్ ముందు చేశాను. ఆర్ స్క్వేర్ (లెక్క వేసిన మోడల్ నా అంకెలకి ఎంత దగ్గరగా ఉందో చెప్పేది, 1 అయితే పూర్తిగా సరిపోయినట్టు) 0.97. మోడల్ ఆకారమే తప్పా అని చూసే ‘లాక్ ఆఫ్ ఫిట్’ పరీక్షతో ఇబ్బంది లేదు. రంగురంగుల కొండలాంటి గ్రాఫు వచ్చింది. అర్ధరాత్రే మేడమ్‌కి వాట్సాప్ పెట్టాను. పొద్దున జవాబుగా ఒక్క ముక్క: “ఆ ఐదు సెంటర్ పాయింట్లు విడిగా పంపు.”

తొలగింపు శాతాలు: మంగళవారం చేసినవి 77.4, 77.9. శనివారం చేసినవి 83.8, 84.6, 85.1.

అదే నీళ్లు, అదే కార్బన్, అదే పీహెచ్, షేకర్లో అదే రెండు గంటలు. నాలుగు రోజుల్లో ఏడు శాతం ఎక్కడి నుంచి వచ్చింది? మేడమ్ ల్యాబ్‌కి వచ్చి బల్లంతా చూసి, కిటికీ పక్కన ఎండ పడే చోట మామూలు గాజు సీసాలో నేను పెట్టిన కార్బజైడ్ ద్రావణాన్ని ఎత్తి వెలుగులో చూపించారు. లేత గోధుమ రంగుకి తిరిగిపోయి ఉంది. అది ముదురు రంగు సీసాలో, ఫ్రిజ్‌లో ఉండాలి, రంగు మారితే పారబోయాలి. అది చచ్చుబడేకొద్దీ నేరేడు రంగు సరిగ్గా రాదు. రంగు తగ్గితే నీళ్లలో క్రోమియం తగ్గిందని నేను రాసుకున్నాను. పైగా క్యాలిబ్రేషన్, అంటే ఎంత రంగుకి ఎంత క్రోమియమో పోల్చుకునే గీత, మొదటి రోజు ఒక్కసారే గీశాను. పీహెచ్ 6 అన్నీ ఆఖర్న చేశాను కాబట్టి, సీసా చచ్చుబడటం మొత్తం పీహెచ్ 6 ఖాతాలో మంచితనంగా పడింది. వరుస కలగాపులగంగా ఎందుకిస్తారో అప్పుడు తెలిసింది. లాక్ ఆఫ్ ఫిట్ బాగుందని మురిసిపోయానే, అది కూడా అబద్ధమే. ఐదు మధ్య పాయింట్లు అంత చెల్లాచెదురుగా ఉంటే వాటి పక్కన ఎంత తప్పు మోడల్ అయినా ఒప్పులాగే కనిపిస్తుంది.

ఆ ఐదూ లేకపోతే, లేదా సీనియర్ చెప్పినట్టు మూడు అంకెలు ఊహించి రాసి ఉంటే, నేను ఆ కొండ బొమ్మతోనే థీసిస్ బైండ్ చేయించేదాన్ని.

ఏడ్చాను. మర్యాద కోసం దాచడం లేదు. ఉన్న కార్బన్‌లో 18 గ్రాములు ట్రయల్స్‌కీ, చేయి జారి ఒలికినదానికీ, మొదటి సెట్టుకీ పోయింది. రెండో సెట్టుకి కావాల్సింది ఐదు గ్రాములే కాబట్టి మళ్లీ మోళ్లు కడగాల్సిన గతి పట్టలేదు, అదొక్కటే అదృష్టం.

మార్చి 3 నుంచి 5 వరకు మళ్లీ 17. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వరుస ఒక్కటి కూడా మార్చలేదు. రోజూ పొద్దున కొత్త కార్బజైడ్, కొత్త క్యాలిబ్రేషన్. మధ్య పాయింట్లు ఈసారి 77.6, 78.3, 76.9, 78.0, 77.2. ఆ ఐదు అంకెల్ని నోట్‌బుక్‌లో రాసుకున్నప్పుడు కలిగిన సంతోషం నాకు డిస్టింక్షన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఈలోగా ట్రయల్ సాఫ్ట్‌వేర్ గడువు అయిపోయింది. స్టాటిస్టిక్స్ సార్ ‘ఆర్’ అనే సాఫ్ట్‌వేర్ వేసి, అందులో ‘ఆర్ఎస్ఎం’ అనే ప్యాకేజీ చూపించారు. రెండూ ఉచితం. మొదటి రోజు కామా తప్పులతో నరకం, మూడో రోజుకి అలవాటైపోతుంది. డబ్బులు పెట్టి కొనకండి, దొంగ కాపీల కోసం తిరగకండి.

మోడల్ చెప్పిన మొదటి మంచి చోటు: పీహెచ్ 2, కార్బన్ 5 గ్రాములు, క్రోమియం 20 మిల్లీగ్రాములు. అక్కడ తొలగింపు 104.3 శాతం అట. ఉన్నదానికన్నా ఎక్కువ తీసేస్తుందన్నమాట! ఈ ప్లానులో మూలల్లో ప్రయోగాలు ఉండవు, అంచుల మధ్యలోనే ఉంటాయి. మనం అడుగు పెట్టని మూల గురించి మోడల్ ఊహించి చెప్తుంది, ఆ ఊహకి వందతో ఆగాలని తెలియదు. పైగా వచ్చే నీళ్లలో క్రోమియం ఎంతుండాలో ఎంచుకునేది మనం కాదు కదా. అందుకని గాఢత 60 దగ్గర కట్టేసి, మిగతా రెండిట్లో వెతికాను. పీహెచ్ 2, లీటరుకి 4.2 గ్రాములు. మూడు ఫ్లాస్కులు చేసి చూస్తే సగటున 97.4 శాతం.

ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. బయటి ల్యాబ్ రిపోర్టు ఒకటి జతచేస్తే ఎగ్జామినర్‌కి నమ్మకంగా ఉంటుందని మేడమ్ అన్నారు. మార్చి 18న పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి నెల్లూరు వెళ్లాను. చేతిసంచిలో ఆ మూడు ఫ్లాస్కుల నీళ్లు పోసిన మూడు ప్లాస్టిక్ సీసాలు, మూతల చుట్టూ టేపు. ల్యాబ్ కౌంటర్‌లో ఒక పెద్దావిడ ఫారం ముందుకి తోసి, “ఏం పాపా, టోటలా, హెక్సానా?” అన్నారు.

“క్రోమియం మేడమ్” అన్నాను.

“క్రోమియమే, ఏది? మా ఏఏఎస్ మెషీన్ మంటకి హెక్సా, ట్రై అని తేడా తెలీదు గదా, మొత్తం చెప్తది. హెక్సా అంటే కలర్‌తో చూడాల. ఏది రాసేది?”

పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మూడు నెలలుగా నేను చూస్తున్నది హెక్సావాలెంట్ ఒక్కటే. అది నీళ్లలోంచి నిజంగా పోయిందా, లేక నీళ్లలోనే ఉండి వేషం మార్చిందా? బాగా పుల్లటి నీళ్లలో ఇలాంటి కార్బన్ తగిలితే హెక్సావాలెంట్ కాస్తా ట్రైవాలెంట్ అనే ఇంకో రూపంగా మారుతుందని బీఎస్సీలో చదువుకున్న సంగతే. ట్రైవాలెంట్‌కి నేరేడు రంగు రాదు. టోటల్ అని రాశాను. శాంపిల్‌కి 350 చొప్పున 1050 కట్టాను. సాయంత్రం పినాకినిలోనే తిరిగొస్తుంటే కావలి దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను గానీ ఏం చూశానో గుర్తులేదు.

నాలుగు రోజుల్లో ఇస్తామన్న రిపోర్టు పదకొండు రోజులకి వచ్చింది. మార్చి 29, తెల్లారితే ఉగాది. పీడీఎఫ్ తెరిచే ముందు అమ్మ చేతికి ఫోనిచ్చి “ఏడు ఉంటే మంచిది, పదిహేడు ఉంటే చెప్పొద్దు” అన్నాను. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. “పదిహేడు పాయింట్ నాలుగు.”

60లో 17.4 ఇంకా నీళ్లలోనే ఉంది. అంటే మొత్తం క్రోమియం తొలగింపు 71 శాతమే. అందులో హెక్సావాలెంట్ ఒకటిన్నర మిల్లీగ్రాములు, మిగతా దాదాపు 16 ట్రైవాలెంట్‌గా మారి నాకు కనపడకుండా కూర్చుంది. ట్రైవాలెంట్ అంత విషం కాదు, నిజమే. కానీ ‘క్రోమియం తొలగింపు 97 శాతం’ అని థీసిస్ అట్ట మీద వేస్తే అది అబద్ధం. డిజైన్‌లో తప్పు లేదు, లెక్కలో తప్పు లేదు. నేను అడిగిన ప్రశ్నకి అది చక్కగా జవాబు చెప్పింది. నేనే తప్పు ప్రశ్న అడిగాను.

మేడమ్ తిట్టలేదు. “నాకూ తట్టలేదమ్మా” అన్నారు. ఆ మాట అనే గైడ్ దొరకడం ఎంత అరుదో మిగతా డిపార్ట్‌మెంట్ల ఫ్రెండ్స్‌ని అడిగితే తెలుస్తుంది. మార్చిలో చేసిన 17 శాంపిళ్లనీ నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసి ఫ్రిజ్‌లో దాచమని ఆవిడ ముందే చెప్పి ఉండటం వల్ల మూడోసారి ఫ్లాస్కులు కడగక్కర్లేకపోయింది. ఏప్రిల్ 1న మళ్లీ నెల్లూరు. విద్యార్థినని 300 చొప్పున తీసుకున్నారు, 17కి 5100. ఆ డబ్బు కోసం నాన్నకి ఫోన్ చేయడం కష్టమైంది. పొగాకు బేళ్లు ఇంకా వేలానికి వెళ్లలేదు, ఎరువుల కొట్లో బాకీ అలాగే ఉంది. “ఎన్నింటికి పంపాల?” అని మాత్రమే అడిగారు.

9న రిపోర్టు వచ్చింది. ఒకే 17 ప్రయోగాలకి ఇప్పుడు రెండు జవాబులు, హెక్సావాలెంట్ ఎంత పోయింది, మొత్తం ఎంత పోయింది. రెండు మ్యాపులు వేశాను, ఒకటి పీహెచ్ తగ్గేకొద్దీ పెరుగుతుంది, రెండోది మధ్యలో ఎక్కడో ఉబ్బి పక్కలకి దిగుతుంది. స్క్రీన్ మీద ఒకదాని మీద ఒకటి వేస్తే రంగులు కలిసిపోయి ఏమీ తెలియలేదు. రెండూ ప్రింటు తీసి, కిటికీ అద్దానికి ఒకదాని మీద ఒకటి అంటించి, వెనక నుంచి వెలుగు పడుతుంటే రెండిట్లోనూ మంచి గీతలు కలిసే చోటు పెన్సిల్‌తో చుట్టాను. పీహెచ్ 3, లీటరుకి 4.2 గ్రాములు. కార్బన్ డోసు మారలేదు, పీహెచ్ మాత్రం ఒక మెట్టు పైకి వచ్చింది. ఏప్రిల్ మూడో వారంలో చేసి చూశాం. తొలగింపు హెక్సావాలెంట్ 92 శాతం, మొత్తం 86. ఈ మొత్తం కొలవడానికి మూడోసారి నెల్లూరు వెళ్లలేదు. వేడి చేసి పర్మాంగనేట్‌తో ట్రైవాలెంట్‌ని మళ్లీ హెక్సావాలెంట్‌గా మార్చి, మా కార్బజైడ్‌తోనే చూశాం. ఈ పద్ధతి ఉందని జనవరిలోనే తెలిసి ఉంటే నాకు ఆరు వేలు మిగిలేవి.

ఆ వారాంతం ఊరెళ్లి మా బోరు నీళ్లు రెండు లీటర్లు తెచ్చి, వాటిలో క్రోమియం కలిపి అదే ప్రయోగం చేశాను. డిస్టిల్డ్ వాటర్‌కి పీహెచ్ 3 తేవడానికి యాసిడ్ చుక్కలు చాలేవి. బోరు నీళ్లు యాసిడ్ పడగానే బుడబుడమని బుడగలొదిలి, మిల్లీలీటర్లకి మిల్లీలీటర్లు మింగాయి. బైకార్బనేట్ల మహిమ. హెక్సావాలెంట్ 92 నుంచి 81కి పడింది. మా నీళ్లలో ఉండే సల్ఫేట్లూ మిగతా లవణాలూ కార్బన్ మీద చోటు కోసం క్రోమియంతో పోటీ పడతాయి మరి. ఈ అంకె కూడా థీసిస్‌లో పెట్టాను. పెట్టొద్దని ఒకరిద్దరు అన్నారు.

ఇంట్లో ఇదంతా చెప్తుంటే నాన్న అడిగారు, “వందకి తొంభై రెండు పోయిందంటే ఫస్టు క్లాసే గదా. ఇక ఆ నీళ్లు వాడుకోవచ్చా?” కాగితం తీసి లెక్క వేశాను. 60లో 92 శాతం పోతే మిగిలేది 4.8 మిల్లీగ్రాములు. ఫ్యాక్టరీ నీళ్లు వాగులోకి వదలాలన్నా హెక్సావాలెంట్ 0.1కి మించకూడదు, మొత్తం 2 దాటకూడదు. తాగే నీళ్లకయితే మొత్తం క్రోమియం హద్దు 0.05. నేను చదివిన పేపర్లన్నీ శాతాలే చెప్పాయి గానీ ఎంత మిగిలిందో చెప్పినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకసారి వడపోస్తే చాలదు, రెండు మూడు సార్లు పోయాలి, చివర్లో సున్నం కలిపి పులుపు విరగ్గొట్టాలి అని చెప్పాను. “అట్టయితే ఇంకా సగం పనే అయింది” అని లేచి బ్యారన్ వైపు వెళ్లిపోయారు.

ఖర్చుల సంగతి. కెమికల్స్‌లో కాలేజీ ఇచ్చినవి పోను నేను కొన్నవి కార్బజైడ్ సీసా, ఫిల్టర్ పేపర్ల డబ్బా, బఫర్ మాత్రలు, అసిటోన్, గ్లోవ్స్: 4300 చిల్లర. నెల్లూరు ల్యాబ్ 6150. రైళ్లు, ఆటోలు, టిఫిన్లు ఓ 900. ప్రింటింగు, బైండింగు నాలుగు కాపీలకి 1800. మొత్తం పదమూడు వేల పైచిలుకు. ఫిల్టర్ పేపర్ల దగ్గర పొదుపు చేయకండి, చవక రకంలో కార్బన్ నుసి కిందికి దిగి రీడింగులు ఆడతాయి.

మే 2న వైవా పన్నెండు నిమిషాలు జరిగింది. ఎగ్జామినర్ ఆర్ స్క్వేర్ ఎంత అని అడిగారు, చెప్పాను. మోళ్లు ఎక్కడివి అని అడిగారు, మా చేలోవి అన్నాను. మిగిలిన మిల్లీగ్రాములతో నేను వేసిన పట్టిక దగ్గర మాత్రం కాసేపు ఆగి, పెన్నుతో ఒక అంకె కింద గీత గీసి, పేజీ తిప్పేశారు. ఆ గీత మెచ్చుకోలో కాదో ఇప్పటికీ తెలియదు.

ఇంకా ఒక పని తెమల్లేదు. ఐదు నెలల్లో పోగైన క్రోమియం వ్యర్థం మూడు ఐదు లీటర్ల క్యాన్లు అయింది. సింకులో పోయనివ్వలేదు మేడమ్. ఫెర్రస్ సల్ఫేట్ వేస్తే నారింజ రంగు పోయి ఆకుపచ్చకి తిరిగింది, సున్నం వేస్తే అడుగున బురద కట్టింది. ఆ బురదా, వాడేసిన కార్బనూ రెండు డబ్బాల్లో మూతలు బిగించి, మీద నా పేరు, తారీకు రాసి ల్యాబ్ బీరువాలో కింది అరలో పెట్టాం. ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లే వాళ్లకి అప్పజెప్పాలి. ఇంత చిన్న డబ్బాల కోసం బండి రాదు, ఇంకొన్ని పోగవ్వాలట. మొన్న అటెండర్ అన్నయ్య ఫోన్ చేశాడు, “నీ బురద ఇంకా ఇక్కడే ఉందమ్మా, కొత్త బ్యాచ్ పిల్లలు అర ఖాళీ చెయ్యమంటున్నారు” అని.